హూలాక్ గిబ్బన్‌ని కొండముచ్చు అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం పిల్లల గోడపత్రికకి మా అమ్మాయి హూలాక్ గిబ్బన్ మీద ఒక పేజీ రాసింది. శీర్షిక "అంతరించిపోయిన అస్సాం కొండముచ్చు". నాకెందుకో ఒప్పలేదు. ఇక్కడ ఒడియాలో కూడా మామూలు కోతి మాంకొడొ, కొండముచ్చు హనుమాంకొడొ, అంతే. మరి గిబ్బన్‌ని తెలుగులో ఏమనాలి?

గుణుపురం నుంచి:
అమ్మా, కొండముచ్చు వద్దు. అందులోని "ముచ్చు" పాత ద్రావిడ మాట. తమిళంలో ముసు, కన్నడంలో ముసువ. మూడూ నల్ల మొహం, పొడుగు తోక ఉన్న జంతువు పేర్లే. గిబ్బన్‌కి అసలు తోకే లేదు. అది కోతుల్లోకి రాదు, చింపాంజీ, ఒరాంగుటాన్‌లకి చుట్టం. ఆ వర్గంలో మన దేశపు అడవుల్లో ఉన్నది ఇదొక్కటే. మన దగ్గర రెండు జాతుల హూలాక్‌లు ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనశాల సీసీఎంబీ వాళ్లు 2021లో జన్యువులు పరీక్షించి, ఉన్నది పశ్చిమ హూలాక్ ఒక్కటే అన్నారు.

పేరు సంగతి ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే, మా ఇంటి వెనకే నౌపడ లైను. పొద్దున్నే కొండముచ్చుల గుంపు చింతచెట్టు దిగి పట్టాలు దాటుతుంది. ముందు పెద్ద మగది వచ్చి కంకర మీద కూర్చుని అటూ ఇటూ చూస్తుంది. తర్వాత తల్లులు, పిల్లల్ని పొట్టకి హత్తుకుని, తోకలు పైకెత్తి ఒక్కొక్కటే దాటుతాయి. గిబ్బన్ అలా దిగి దాటే రకం కాదు. చేతులతో వేలాడుతూ కొమ్మనుంచి కొమ్మకే పోతుంది. అస్సాంలోని జోర్హాట్ జిల్లాలో దానికోసమే ఉన్న హొల్లొంగాపార్ అభయారణ్యం 21 చదరపు కిలోమీటర్లు. ఆ కాస్త అడవినీ రైలు లైను రెండు ముక్కలు చేసింది. కొమ్మలు కలవకపోతే అటుదటే, ఇటుదిటే. కొండముచ్చు అని రాస్తే ఈ కష్టం పిల్లలకి ఎలా తెలుస్తుంది?

బరంపురం నుంచి:
మాస్టారూ, బెంగాలీలో దీన్ని ఉల్లుక్ అంటారు. మనం "ఉల్లూకం" చేసుకోవచ్చా?

గుణుపురం నుంచి:
వద్దు బాబూ. మనకి ఉలూకం అంటే గుడ్లగూబ, పిల్లలు తికమకపడతారు. కాఫీని, రైలుని ఉంచుకున్నట్టే గిబ్బన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "తోకలేని వానరం" అని చెబితే చాలు. దాని నడకకి మాత్రం మన దగ్గరే మంచి మాట ఉంది, కొమ్మచ్చి. మనం చిన్నప్పుడు ఆడిన కోతికొమ్మచ్చిలో కిందికి దిగితే దొంగకి దొరికిపోయేవాళ్లం. గిబ్బన్‌కి రోజంతా ఆ ఆటే.

శీర్షికలో కొండముచ్చు కంటే పెద్ద తప్పు ఇంకోటి ఉందమ్మా. "అంతరించిపోయిన" అంటే ఇక లేదని అర్థం. ఇది ఉంది. బ్రహ్మపుత్రకి దక్షిణాన ఇంకా పొద్దున్నే మగా ఆడా కలిసి గొంతెత్తి పాడుతూనే ఉంది. "అంతరించే ప్రమాదంలో ఉన్న" అని రాయించండి. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో దాని స్థాయి అదే. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోనూ ఉంది. బతికున్నదాన్ని పోయిందని రాస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

పేజీలో "ఝూమ్ సాగు" అని ఉంటే పోడు అని మార్చండి, మన కొండల్లో తెలియనివాళ్లు ఉండరు. గిబ్బన్‌కి ముప్పు తెచ్చేవాటిలో తేయాకు తోటలు, బొగ్గు గనులు, రోడ్లు, వేట కూడా చేర్చండి. నెపం ఒక్క పోడు మీదే పడకూడదు.

పర్లాకిమిడి నుంచి:
చాలా థాంక్స్ మాస్టారూ. "అంతరించే ప్రమాదంలో ఉన్న హూలాక్ గిబ్బన్" అని శీర్షిక మార్చాం. కొమ్మచ్చి మాట మా అమ్మాయికి భలే నచ్చింది. బొమ్మలో రెండింటినీ నల్లగా వేసింది. పెద్దయ్యాక మగదే నలుపు, ఆడది ఎండుగడ్డి రంగు అని చదివి కొత్త కాగితం తీసింది. అలవాటుకొద్దీ మళ్లీ రెండింటికీ తోకలు పెట్టేసింది. ఇప్పుడు రబ్బరు పట్టుకుని చెరుపుతోంది.