ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూలు: పదకొండేళ్లకా, పదహారేళ్లకా?

తూర్పుగాలి:
మా అమ్మాయికి పదేళ్లు. ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూలుకు పంపాలన్నది ఇంట్లో ఖాయమైంది, ఎప్పుడన్నదే తేలడం లేదు. పదకొండేళ్లకే ఇయర్ 7లో చేర్చాలని మా వారు పట్టుబడుతున్నారు. మన పదో తరగతి లాంటి ఐజీసీఎస్ఈ పరీక్ష మా దగ్గరే రాయించి, పదహారేళ్లకు ఎ లెవెల్స్‌కు, అంటే యూనివర్సిటీకి ముందు రెండేళ్ల చదువుకు, పంపుదామని నేను. కొన్నాళ్లు నేను వెళ్లి తోడుండాలనుకున్నాను గానీ, తల్లిదండ్రులకిచ్చే వీసా పిల్లకు పన్నెండు నిండేవరకే. అదీ రోజూ ఇంటికొచ్చే డే స్కూలు పిల్లలకే. కాబట్టి ఎప్పుడు పంపినా ఒంటరిగానే. అటో ఇటో చెప్పండి. ‘పిల్లను బట్టి ఉంటుంది’ అని మాత్రం అనకండి, ఆ మాట ఏజెంటు నోట విని విసిగిపోయాను.

అక్షరమాల:
నేను మీ వారి పక్షం. పదహారేళ్లకు వెళితే సమయం చాలదు. ఎ లెవెల్స్ మొదటి ఏడాది, ఇయర్ 12, సెప్టెంబరులో మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకైనా, మెడిసిన్‌కైనా దరఖాస్తు గడువు మరుసటి ఏడాది అక్టోబరు మధ్యలో ముగుస్తుంది. కొత్త పాఠాలకు, భాషకు, మనుషులకు అలవాటు పడడానికీ, టీచర్లు ఆమెను గమనించి మార్కులు అంచనా వేసి సిఫారసు రాయడానికీ కలిపి దొరికేది పదమూడు నెలలు. సెలవులు కూడా అందులోనే. ఇయర్ 7లో చేరిన పిల్లకు ఇయర్ 12 మొదలయ్యేసరికే ఆ స్కూల్లో ఐదేళ్లు గడిచి ఉంటాయి.

ఇంకొకటి. గట్టి పోటీ ఉన్న చాలా స్కూళ్లు ఇయర్ 9లో చేర్చుకోవడానికి ఇయర్ 6లోనో 7లోనో ఐఎస్ఈబీ ప్రీ టెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయిస్తాయి. తరవాత చూద్దామని కూర్చుంటే ఆ వరస దాటిపోతుంది.

పాత బోర్డర్:
అక్షరమాల గారి లెక్క సరైనదే. ఆ లెక్కలో శనివారాలు, ఆదివారాలు లేవు, అంతే.

నన్ను పదకొండేళ్లకు పంపారు. చదువుకు ఏ లోటూ జరగలేదు. శుక్రవారం సాయంత్రం కార్లు వరసగా వచ్చి, వారానికోసారి ఇంటికి వెళ్లే పిల్లలను తీసుకుపోయేవి. హౌస్‌లో, అంటే మా వసతి భవనంలో, మిగిలేది దూరదేశాల వాళ్లమే. ఎగ్జియాట్, అంటే బోర్డర్లను బయటికి పంపే వారాంతమైతే హౌస్‌కే తాళం పడేది, తల్లిదండ్రుల బదులు అక్కడ బాధ్యత తీసుకునే గార్డియన్ ఇంటికి పోవాల్సిందే. అక్టోబరులో టర్మ్ మధ్య సెలవు, హాఫ్ టర్మ్, చాలా చోట్ల రెండు వారాలు. పరాయి ఇంట్లో ఫ్రిజ్ తెరవడానికి కూడా అనుమతి అడగాలా వద్దా అని తేల్చుకోలేని వయసు అది. పదహారేళ్ల వాళ్లు అడిగేస్తారు.

‘బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్’ అనే పేరు 2011లో జాయ్ షావెరియన్ అనే మానసిక చికిత్సకురాలు పెట్టారు. చిన్నతనంలోనే ఇల్లు విడిచిన కొందరు పెద్దయ్యాక కూడా ఎవరికీ దగ్గర కాలేకపోతారని ఆమె రాశారు. చదివితే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

హౌస్ కిటికీ:
ఒక బాలికల హౌస్‌లో పిల్లల బాగోగులు చూసుకునే మేట్రన్‌గా చేశాను కాబట్టి చెబుతున్నాను. పాత బోర్డర్ గారూ, ఆవిడ చూసింది చికిత్స కోసం తన దగ్గరికి వచ్చినవారిని. చాలా చిన్న వయసులో, ఇంటికి ఉత్తరం తప్ప మరో దారి లేని రోజుల్లో వెళ్లినవారు వారిలో ఉన్నారు. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. స్కూలు సిబ్బంది కాని ఒక పెద్దమనిషి పేరు, నంబరు ప్రతి పిల్లకూ ఇవ్వాలని నిబంధన ఉంది. అందుకని ఆ పేరు తెచ్చి ఈ అమ్మాయికి అంటించకండి.

అలాగని పదకొండుకు ఒప్పుకోను. రాత్రి పడుకునేముందు చిన్న క్లాసుల ఫోన్లు మేమే తీసుకునేవాళ్లం. సమయాల తేడా వల్ల, సాయంత్రం హోంవర్క్ ముగిసి పిల్ల ఫోను పట్టుకునేసరికి కొందరి ఇళ్లలో అర్ధరాత్రి. మొదటి వారం ఏడ్చే వాళ్ల గురించి నాకు పెద్దగా బెంగ ఉండేది కాదు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లి జనవరిలో తిరిగొచ్చి, ఏడవకుండా పెట్టె కూడా విప్పకుండా కూర్చునే వాళ్లు ఉంటారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండాలి.

నా ఓటు ఇయర్ 10కి, అంటే పద్నాలుగేళ్లకు. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల రెండేళ్ల కోర్సు చాలా చోట్ల అక్కడే మొదలవుతుంది, అందరితో పాటే మొదటి పాఠం. ఇయర్ 11లో మాత్రం ఎవరు సీటిస్తామన్నా వద్దు. సగం కోర్సు అయిపోయి ఉంటుంది, పరీక్ష బోర్డు కూడా వేరు కావచ్చు.

చిల్లర లెక్క:
డబ్బు మాట ఎవరూ ఎత్తలేదేం? 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజు మీద, బోర్డింగ్‌తో సహా, 20 శాతం వ్యాట్ పడుతోంది. ఏడేళ్లు కట్టడం వేరు, రెండేళ్లు వేరు. ఒప్పందంలో ఇంకో మెలిక ఉంటుంది: మాన్పించాలంటే సాధారణంగా ఒక పూర్తి టర్మ్ ముందు రాతపూర్వకంగా తెలపాలి, లేదంటే ఆ టర్మ్ ఫీజు చెల్లించాలి. పిల్ల ఇమడలేక నవంబరులో తీసుకొచ్చేస్తే, ఆమె అడుగైనా పెట్టని తరవాతి టర్మ్‌కూ మీరే కట్టాలి. ఆ డబ్బు చూసుకుని ‘ఇంకొన్నాళ్లు ఓర్చుకో తల్లీ’ అంటారు. ఏజెంట్లలో చాలామందికి చేరిన పిల్ల లెక్కన స్కూలు కమిషన్ ఇస్తుంది. వాళ్లు ఆగమని చెప్పరు.

తూర్పుగాలి:
కమిషన్ సంగతి నాకు తెలియదు. ‘ఈ ఏడాదే చేర్చండి’ అన్న తొందర ఎందుకో ఇప్పుడర్థమైంది. ఇయర్ 10 అనుకుంటే, స్కూలును ఏమని అడగాలి?

హౌస్ కిటికీ:
మొత్తం బోర్డర్లు ఎందరని అడగకండి, అందులో వారాంతాల్లో ఇంటికి వెళ్లిపోయే వాళ్లను కూడా కలిపి చెబుతారు. మామూలు శనివారం రాత్రి మీ అమ్మాయి క్లాసు పిల్లలు ఎంతమంది హౌస్‌లో పడుకుంటారో అడగండి. ఇద్దరో ముగ్గురో అంటే వేరే స్కూలు చూసుకోండి. గార్డియన్‌ను ఏర్పాటు చేసే సంస్థకు ఏజిస్ గుర్తింపు ఉందో లేదో చూడండి, అలాంటి సంస్థలను తనిఖీ చేసేది ఏజిస్. ఉన్నా సరే, పిల్ల ఉండబోయే ఇంటివారితో మీరే మాట్లాడండి.

అక్షరమాల:
ఇయర్ 10 అంటే అక్టోబరు గడువుకు మూడేళ్లు ముందు. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇయర్ 10లో సీట్లు చాలా చోట్ల ఎవరైనా మానితేనే వస్తాయి. తూర్పుగాలి గారూ, మీకు నచ్చిన స్కూలు ‘ఇయర్ 9లో అయితేనే’ అంటే ఏం చేస్తారు?

తూర్పుగాలి:
మా వారిని కూర్చోబెట్టి ఈ పేజీ మొత్తం చదివిస్తాను. ఇయర్ 9కి ఒప్పుకుంటానేమో గానీ, ఇయర్ 7 ఫారం మాత్రం నింపను.