అప్‌డేట్: కొత్త లేత్ క్యారేజీ బిగుతుగా కదలడం – కారణం దొరికింది

భీమవరం దగ్గర మా షెడ్డులో కొత్త లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్) క్యారేజీ, అంటే చెక్కే పనిముట్టును మోస్తూ జరిగే భాగం, బరువుగా కదులుతోందని, ఎంత నూనె పోసినా బెడ్ (క్యారేజీ జరిగే పట్టాలు) పొడిగానే ఉంటోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సాడిల్ (క్యారేజీలో బెడ్ మీద కూర్చునే భాగం) నూనె రంధ్రాలు చూడమన్నవారికి చాలా థాంక్స్, అదే నిజమైంది. మెకానిక్ సాడిల్ విప్పితే, తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు రంధ్రాల్లో మైనంలా గడ్డకట్టి ఉంది. కిరోసిన్‌తో కడిగి, సన్న తీగతో పొడిచి, గాలి కొట్టాడు. ఇప్పుడు 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ (జారే పట్టాలకు వాడే నూనె) పోస్తే, బెడ్‌ని తుడిచే పట్టీలైన వైపర్ల అంచున తడి పొర కనిపిస్తోంది, హ్యాండిల్ వేలితో తిరుగుతోంది. గిబ్ (జారే భాగాల మధ్య సందు సరిచేసే పట్టీ) బిగింపు, మెషీన్ లెవెల్ రెండూ సరిగ్గానే ఉన్నాయి, వాటితో సంబంధం లేదు. హెడ్‌స్టాక్‌కి (పనిని తిప్పే గేర్ల పెట్టెకి) మాత్రం మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోయండి. మా చుట్టూ రొయ్యల చెరువులే, గాలిలో తేమ ఎక్కువ. అందుకే సాయంత్రం చిప్స్ (లోహపు తురుము) బ్రష్‌తో ఊడ్చి, బెడ్‌కి నూనె రాసే షెడ్డు మూస్తున్నాం.