కొత్త బ్యాకప్ డిస్కును రోజుల తరబడి పరీక్షించాలా, నేరుగా వాడేయొచ్చా?

ఆల్బమ్_పని:
దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. 2 టీబీ డిస్కు ఒక్కటే ఉంది, బ్యాకప్ లేదు. నిన్న పార్క్‌లేన్ వెళ్ళి 4 టీబీది తెచ్చి కంప్యూటర్ క్యాబినెట్‌లోనే రెండో డిస్కుగా బిగించాను. విండోస్‌లో 3.63 అని చూపిస్తోంది, అది మామూలే అని తెలుసు. డిస్కుని విభజించే పద్ధతి జీపీటీ పెట్టి క్విక్ ఫార్మాట్ చేశాను. ఒక ఫ్రెండ్ మాత్రం డేటా వేసే ముందు డిస్కంతా పరీక్షించు, రెండు మూడు రోజులైనా సరే అంటున్నాడు. శుక్రవారానికి రెండు ఆల్బమ్‌లు ప్రింటుకి ఇవ్వాలి. అంత అవసరమా?

మల్కాజిగిరి_మామ:
అవసరమే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిస్కులో చెడిన చోట్లు వెతికే బ్యాడ్‌బ్లాక్స్ ప్రోగ్రాంని రాసే పద్ధతిలో నడపండి. ఒక నమూనా డిస్కు నిండా రాసి, మళ్ళీ చదివి సరిచూస్తుంది. అలా నాలుగు నమూనాలు. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ ఒకసారి రాయడానికే ఏడున్నర గంటలు. నాలుగు రాతలు, నాలుగు చదువులు కలిపి అరవై గంటలు. ఖాళీ డిస్కు మీదే సుమా, ఉన్నదంతా చెరిగిపోతుంది. తర్వాత స్మార్ట్ లెక్కల్లో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే వాటిలో, 05 (చెడి మార్చేసిన చోట్లు), సి5 (అనుమానంగా ఉన్న చోట్లు), సి6 (చదవలేకపోయిన చోట్లు) మూడూ సున్నా ఉండాలి. ఒక్కటి కదిలినా తిరిగి ఇచ్చేయండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2019లో ఒక షాపువాడు నాకు సీలు వేసి కొత్తదని అమ్మిన డిస్కు అప్పటికే 11,000 గంటలు నడిచి ఉంది. ఏడాదికి పైగా ఎక్కడో అరిగిన సరుకు.

పార్క్‌లేన్_షాపు:
మామా, నడిచిన గంటలు చూడటానికి స్మార్ట్ లెక్కలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం తెరిస్తే నిమిషం పని. దానికి అరవై గంటలెందుకు? తమ్ముడూ, క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి రాత్రి ఫార్మాట్ పెట్టు. విండోస్ విస్టా నుంచీ అది డిస్కంతా సున్నాలు రాస్తుంది. పొద్దున్న లేచి స్మార్ట్ చూసుకో. సి7, అంటే డేటా దారిలో చెడిన లెక్క, ఒక్కటే పెరిగితే డిస్కును తిట్టకు, ముందు డిస్కును బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చు.

లిఫ్ట్_దగ్గర_ఇన్వర్టర్:
అరవై గంటలు కరెంటు పోకుండా ఉండే ఏరియా ఏదో చెప్తే అద్దెకు వస్తా.

టోలీచౌకి_కింది_పోర్షన్:
డిస్కు క్యాబినెట్‌లోనే బిగించానన్నారు, అదెవరూ పట్టించుకోరేం? 2020 అక్టోబర్ వరదలో మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు. కంప్యూటరూ మునిగింది, టేబుల్ కింద పెట్టిన బ్యాకప్ డిస్కూ మునిగింది.

మల్కాజిగిరి_మామ:
వరద సంగతి వేరు. షాపు అన్నా, ఒక్కసారి సున్నాలు రాస్తే పరీక్ష అయిపోతుందా? ఫార్మాట్ చేయడానికి, డిస్కుని పరీక్షించడానికి తేడా లేదా?

పార్క్‌లేన్_షాపు:
ఉంది. ఇంట్లో ఒక్క డిస్కు వాడేవాడికి ఆ తేడా అక్కర్లేదంటున్నా.

లెక్కల_టీచర్:
ఇద్దరికీ ఒక మాట. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం బయటపెట్టారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో, ప్రమాదానికి గట్టి గుర్తులనుకున్న నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్కటీ కదల్లేదు. అంటే సున్నా చూసి నిద్రపోవడానికి లేదు.

పార్క్‌లేన్_షాపు:
చూశారా మామా? మీ సున్నాలకు అంతే విలువ.

మల్కాజిగిరి_మామ:
సున్నా కానప్పుడైనా దొరుకుతుంది కదా! అసలు సంగతి నేను చెప్పనా? కస్టమర్ పరీక్షిస్తే డిస్కు వెనక్కి వస్తుంది. వెనక్కి వస్తే మీకు తలనొప్పి. అందుకే మీ షాపులవాళ్ళకి ఈ మాట వింటేనే మంట.

పార్క్‌లేన్_షాపు:
మా దగ్గర కొన్నారా మీరు? ఎవరో ఒకడు మోసం చేస్తే మేమంతా దొంగలమా? పదిహేడేళ్ళుగా కౌంటర్ మీద కూర్చుంటున్నా. ఒకాయన మూడు రోజులు ఏదో టెస్టు నడిపి, డిస్కు తెచ్చి గల్లాపెట్టె మీద పడేశాడు. నలుగురు కస్టమర్ల ముందు నన్ను చోర్ అన్నాడు. అక్కడే తగిలించి చూపించా, డిస్కు బ్రహ్మాండంగా ఉంది. వాళ్ళింట్లో కేబుల్ లూజు. సారీ కూడా అనకుండా డిస్కు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మీరు టెస్టు అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

సరే, ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పండి. ఆ 11,000 గంటల డిస్కు వల్ల మీకు ఏం పోయింది?

లిఫ్ట్_దగ్గర_ఇన్వర్టర్:
లొల్లి ఆపండి భయ్యా, పాపం ఆ తమ్ముడికి శుక్రవారం ప్రింటుంది.

మల్కాజిగిరి_మామ:
(రాత్రి రాద్దామనుకుని ఆగాను.) మా నాన్నగారి పద్యాలు పోయాయి. పోయే ముందు ఏడాది ఫోన్‌లో రికార్డు చేసినవి, నలభై దాకా ఉంటాయి.

డిస్కు పాడవలేదు. ఇప్పటికీ నడుస్తోంది. రోజూ రాత్రి పదకొండుకి విండోస్‌లో కాపీలు చేసే రోబోకాపీ మిర్రర్ పద్ధతిలో నడిచేలా పెట్టుకున్నాను. ఒక ఆదివారం డెస్క్‌టాప్ సర్దుతూ ఆ ఫోల్డర్ నేనే తీసేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. రాత్రి పదకొండయ్యేసరికి అది అవతలి డిస్కులోనూ తీసేసింది. సంవత్సరీకానికి వినిపిద్దామని వెతికితే గానీ తెలియలేదు.

పార్క్‌లేన్_షాపు:
అయ్యో మామా. చోర్ సంగతి పట్టుకుని మీ మీద అరిచాను.

కానీ అరవై గంటలు పరీక్షించినా అది ఆగేది కాదు. మిర్రర్ అంటే ఇక్కడ లేనిదాన్ని అక్కడా లేకుండా చేయడమే. విండోస్‌లోని ఫైల్ హిస్టరీలాగా పాత కాపీలు దాచేది పెట్టుకుని ఉంటే దొరికేవి. లేదంటే వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టే డిస్కు.

మల్కాజిగిరి_మామ:
తెలుసు. అప్పుడు తెలీదు, ఇప్పుడు తెలుసు. అయినా డిస్కు పరీక్షించాల్సిందే.

లెక్కల_టీచర్:
బ్యాకప్ నుంచి ఫైళ్ళు వెనక్కి తీసి చూడటం కూడా పరీక్షే. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌ని చెరిపేశాడు. చూస్తే ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరకబట్టి బయటపడ్డారు. అంత పెద్ద కంపెనీ!

ఆల్బమ్_పని:
అందరికీ థాంక్స్. నా వల్ల గొడవైంది. ఆల్బమ్‌లు ప్రింటుకి వెళ్ళాయి.

షాపు అన్న చెప్పినట్టు రాత్రి ఫుల్ ఫార్మాట్ పెట్టాను. మర్నాడు మామ మాట కూడా తీసేయలేక డిస్కు తనంతట తనే మొత్తం చదివి చూసుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడిపాను, ఎనిమిది గంటలు దాటింది. మూడూ సున్నా. అసలు తెచ్చిన రోజున నడిచిన గంటలు 1 అని ఉంది, స్క్రీన్‌షాట్ దాచుకున్నాను. తర్వాత డిస్కుని క్యాబినెట్ నుంచి తీసి యూఎస్‌బీ కేసులో వేసి అంతా కాపీ చేశాను.

నిన్న మల్లాపూర్‌లో మా అక్క ల్యాప్‌టాప్‌కి తగిలించి ఒక ఆల్బమ్ తెరిచాను. పేజీలు వచ్చాయి, ఫొటోల బదులు మసక బొమ్మలు. నేను ఆల్బమ్‌లు చేసే ఇన్‌డిజైన్‌లో ఫొటోల లింకులన్నీ డి డ్రైవ్‌లో వెతుకుతున్నాయి, ఆ ల్యాప్‌టాప్‌లో డి డ్రైవే లేదు. తెలుగు ఫాంట్లు కూడా లేవు, పెళ్ళికూతురి పేరు గులాబీ రంగు గళ్ళ మధ్య డబ్బాలుగా కనిపించింది. ఒళ్ళు చల్లబడింది.

పార్క్‌లేన్_షాపు:
ఫైల్ మెనూలో ప్యాకేజ్ ఉంటుంది చూడు. లింకులూ ఫాంట్లూ అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి తెస్తుంది. ఇకమీద పూర్తయిన ఆల్బమ్ అలాగే కాపీ చెయ్యి.

మల్కాజిగిరి_మామ:
చేశాక మళ్ళీ అక్క ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూడు.

టోలీచౌకి_కింది_పోర్షన్:
డిస్కు అక్కావాళ్ళింట్లోనే వదిలేశావా? వాళ్ళది ఎన్నో ఫ్లోర్?

ఆల్బమ్_పని:
వదిలేశా అన్నా. మూడో ఫ్లోర్. లిఫ్ట్ లేదు.