ఇంక్యుబేటర్‌లో ఆసిల్ కోడిపిల్లలు గుడ్డులోనే చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

డాబామీద_గూడు:
అందరికీ నమస్తే. మాది కాకినాడ. నాటుకోళ్ళు చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఉన్నవే, చిలకలా వంపు ముక్కుండే ఈ ఆసిల్ పందెం కోళ్ళ పిచ్చి మాత్రం ఈమధ్యే పట్టింది. తమిళనాడులో దిండిగల్ వైపు ఒకాయన దగ్గర్నుంచి గుడ్లు తెప్పించాను, బస్సు పార్సిల్‌లో వచ్చాయి. గుడ్డు రేటెంతో మా ఆవిడకి తెలిస్తే నన్ను గూట్లో పడుకోమంటుంది, కాబట్టి ఇక్కడా చెప్పను.

మెషిన్ చిన్నది, ఫ్యాన్ ఉంది, గుడ్లు దానంతట అదే తిప్పుతుంది. 37.7 డిగ్రీల దగ్గర పెట్టాను. దాంతో వచ్చిన కాగితంలో నీళ్ళ గాడులు రెండూ ఎప్పుడూ నిండుగా ఉండాలని రాసుంది, అలాగే ఉంచాను. ఏడో రోజు టార్చి పెట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో నరాలు బాగా కనిపించాయి. 18వ రోజుకీ లోపల కదులుతున్నాయి. తీరా 21 దాటింది, 22 దాటింది, రెండే బయటికొచ్చాయి. మిగతావి పగలగొట్టి చూస్తే నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్లలు, చుట్టూ నీరు, ఒక్కటి కూడా పెంకు పొడవలేదు. వచ్చిన రెండింట్లో ఒకదానికి కాళ్ళు చెరో పక్కకీ జారిపోతున్నాయి, నిలబడలేకపోతోంది.

రెండో విడత గుడ్లు దారిలో ఉన్నాయి. వానలు, కరెంటు పోతూ వస్తూ ఉంది, నాకు టెన్షన్‌గా ఉంది. తప్పు గుడ్లదా, మెషిన్‌దా? టైముకి రాకపోతే మనమే పెంకు ఒలిచి పిల్లని తీయాలని కొందరంటున్నారు, తీయొచ్చా?

గోదారిగట్టు:
ముందు ఆ కాగితం చింపెయ్యండి. 18 దాకా బతికిన పిల్ల ఆఖర్లో తడిలో చచ్చిందంటే చాలావరకు నీళ్ళ గాడుల పనే.

గుడ్డు 18వ రోజుకి బరువులో 12, 13 శాతం తగ్గాలి. పెంకు రంధ్రాల్లోంచి ఆవిరయ్యే నీరే ఆ తగ్గుదల. అది పోయినకొద్దీ గుడ్డు లావు వైపు గాలి గది పెద్దదవుతుంది. 19, 20 రోజుల్లో పిల్ల ముందు ఆ గదిలోకి ముక్కు దూర్చి మొదటి ఊపిరి తీసుకుంటుంది, తర్వాతే పెంకు పొడుస్తుంది. నీరు పోకపోతే గది చిన్నదిగా ఉండిపోతుంది, పిల్ల ఉబ్బి లోపల తిరగలేదు, ఊపిరాడక పోతుంది. మీరు రాసింది అచ్చం అదే.

మన కోస్తాలో వానాకాలం గదిలో గాలికే 80 శాతం తేమ ఉంటుంది. ఆ గాలి మెషిన్‌లోకి వెళ్ళి వేడెక్కేసరికి 50 దగ్గరికి దిగుతుంది, అంటే చుక్క నీరు పోయకుండానే మనకి కావలసిన తేమ ఉన్నట్టే. అందుకే 18 దాకా గాడులు ఎండబెట్టే ఉంచండి. ఆ తర్వాత తిప్పడం ఆపేసి, నీళ్ళు పోసి తేమని 65-70 శాతానికి పెంచండి, ఇక మూత తీయొద్దు. పిల్ల పొడిచాక మీరు చూడాలని మూత తీశారనుకోండి, తేమంతా ఒక్కసారి బయటికి పోయి లోపలి పొర ఎండి పిల్లకి బిగుసుకుంటుంది. ఈ మూడు రోజులు ఇంట్లో పిల్లల్ని కూడా ఆ గదిలోకి రానివ్వకండి, అంత ఆత్రంగా ఉంటుంది ఎవరికైనా.

వంటింట్లో గ్రాముల కాటా ఉంటే ఇంకా తేలిక. 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకి 44 దగ్గరికి రావాలి. మధ్యలో తూచి చూసుకుంటే తేమ ఎక్కువైందో తక్కువైందో గుడ్డే చెబుతుంది.

మెషిన్ మీద కనిపించే అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. తేమ చూసే మీటరు విడిగా ఒకటి కొనుక్కోండి, దాన్నీ పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి కొద్ది నీళ్ళతో ముద్దలా తడిపి, మీటరుతో పాటు గాలి చొరని కవర్లో పెట్టి రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 82 చూపిస్తే అది ఎప్పుడూ ఏడు ఎక్కువ చెబుతోందన్నమాట. వేడికైతే జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్‌తో పోల్చుకోవచ్చు.

సీమ_ఆసిల్:
గోదారిగట్టు అన్న చెప్పింది కోస్తాకి సరే. ఇది చదివి అనంతపురంలో, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఎండాకాలం నీళ్ళు మానేస్తే కథ తిరగబడుతుంది, గుడ్డు మరీ ఎండిపోయి పిల్ల పొరకి అతుక్కుని చస్తుంది. ఊరిని బట్టి, నెలని బట్టి నీళ్ళు.

ఇంకో మాట, మెషిన్‌కి వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. మా వైపు మే నెలలో మధ్యాహ్నం గదే 40 దాటితే బల్బు ఆగిపోయినా లోపల గుడ్లు ఉడుకుతూనే ఉంటాయి. కొంచెం చల్లబడితే గుడ్డు తట్టుకుంటుంది, వేడి ఎక్కువైతే తట్టుకోదు. గుడ్లు దాచేటప్పుడూ ఎండలతో ఇదే బాధ. గది వేడికి పిల్ల సగం మొదలై, ఆగి, చచ్చిపోతుంది, మనమేమో పుంజు పనికిరాదని తిట్టుకుంటాం. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను గుడ్లు పెట్టను, ఎవరైనా అమ్ముతామన్నా కొనను.

పార్సిల్ గుడ్ల విషయం. బస్సు కుదుపులకి గాలి గది ఊడి లోపల అటూ ఇటూ తేలుతుంది. రాగానే మెషిన్‌లో పడేయకుండా, సన్నటి వైపు కిందికి పెట్టి గదిలోనే ఒక రోజు కదపకుండా ఉంచండి. టార్చి వేసి గాలి గది నిలిచిందో లేదో చూసి అప్పుడు పెట్టండి. తేలుతూనే ఉంటే మొదటి రెండు మూడు రోజులు తిప్పే మోటారు ఆపేసి నిలువుగానే ఉంచడం మేలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. ఎంత జాగ్రత్తపడ్డా పార్సిల్ గుడ్లలో సగం పిల్లలైతే సంతోషించాలి, దీనికి అమ్మినాయన్ని తిట్టి లాభం లేదు.

అయితే ఒకటి అడగండి ఆయన్ని, పుంజూ పెట్టా ఒకే తల్లి బిడ్డలా అని. ముక్కు వంపు కోసం, తోక పొడవు కోసం అన్నాచెల్లెళ్ళనే తరాల తరబడి జత కట్టిస్తున్నారు. అలాంటి గుడ్లలో పిల్ల మొదలవుతుంది కానీ బయటికి వచ్చే బలం ఉండదు. ఫోటోలో పుంజు ఎంత అందంగా ఉన్నా ఈ లెక్క ఫోటోలో కనపడదు.

పెరటి_పెద్దమ్మ:
బాబూ, మీరంతా మీటర్లు, కాటాలు అంటున్నారు. ఊళ్ళో పొదుగుకి వచ్చిన నాటుపెట్ట ఒకటి దొరకదా? తేమ ఎంతో, వేడి ఎంతో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ ఒకసారి లేచి మేత తిని, నీళ్ళు తాగి, పెంట వేసి వచ్చేస్తుంది, ఆ కాసేపు గుడ్లు చల్లబడినా ఏమీ కాదు.

వెడల్పాటి గంపలో బూడిద, పైన గడ్డి వేసి, కూర్చోబెట్టే ముందు పెట్టకి కోడిపేలు ఉన్నాయేమో రెక్కల కింద చూడు. పేలుంటే అది కుదురుగా కూర్చోదు, మధ్యలో లేచిపోతుంది, పుట్టిన పిల్లలకీ అంటుకుంటాయి. ముందు రెండు రోజులు ఉత్తుత్తి గుడ్లు పెట్టి కుదురు చూసి, తర్వాత చీకట్లో నీ ఖరీదైన గుడ్లు మార్చు. పదో పన్నెండో చాలు, ఆశకి పోయి ఎక్కువ పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి.

ఆసిల్ పెట్ట కిందే పెడదామనుకుంటావేమో, అది పిల్లల్ని కాచుకోవడంలో గద్దనైనా తరుముతుంది గానీ, బరువు ఎక్కువ, గుడ్డు తొక్కేస్తుంది. పిల్లలు దిగాక దానికి అప్పగించినా పర్లేదు.

డాబామీద_గూడు:
పెద్దమ్మ గారూ, డాబా మీద ఉన్న నా పెట్టల్లో ఒక్కటీ ఇప్పుడు పొదుగుకి రాలేదు. గుడ్లేమో రేపో ఎల్లుండో దిగుతాయి. ఈసారికి మెషినే దిక్కు. కరెంటు సంగతి, పెంకు ఒలవడం సంగతి ఎవరైనా చెప్పండి. కాళ్ళు జారే పిల్ల ఇంకా బతికే ఉంది.

టీకా_సూది:
పశువైద్యశాలలో పని చేస్తాను, తెలిసినంత చెబుతాను.

కరెంటు పోతే మూత తీయకుండా మెషిన్ మీద దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయకండి. రెండు మూడు గంటలైతే కంగారు లేదు. ఇంత చిన్న మెషిన్‌ని ఇంట్లో ఇన్వర్టర్ తేలిగ్గా లాగుతుంది, ఆ ప్లగ్గు దానికే వదిలేయండి.

పెంకు ఒలవడానికి తొందరపడొద్దు. మొదటి పొడుపు నుంచి బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు మామూలే. ఆ సమయంలో పొర నరాల్లో ఉన్న రక్తాన్ని, కడుపు దగ్గర మిగిలిన పచ్చసొనని పిల్ల లోపలికి లాక్కుంటుంది. మీరు ముందే ఒలిస్తే రక్తం కారి చస్తుంది, లేదా సొన బయటే ఉండిపోయి బొడ్డు దగ్గర చీము పడుతుంది. పొడిచి 24 గంటలు దాటి, ముందుకు జరగక, పొర తెల్లగా ఎండిపోయి కనిపిస్తేనే గోరువెచ్చని నీళ్ళు దూదితో అద్ది ముక్కు చుట్టూ కొంచెం పెంకు తీయండి. రక్తం చుక్క కనిపించిందా, అక్కడే ఆపేయండి.

కాళ్ళ పిల్లకి గాయాలకు వేసే పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళూ మామూలు దూరంలో ఉండేలా కలిపి అంటించండి. మొదటి రెండు మూడు రోజుల్లో చేస్తేనే పని చేస్తుంది, కాబట్టి ఇప్పుడే చేయండి. కింద న్యూస్ పేపర్ వేస్తే జారి ఈ బాధ ఎక్కువవుతుంది, దాని మీద గోనెపట్టా పరవండి. తర్వాత ఊక వేసుకోవచ్చు.

పుట్టిన పిల్లకి కడుపులో సొన ఉంటుంది, తడి ఆరేదాకా మెషిన్‌లోనే ఉండనివ్వండి. తర్వాత పెట్టెలో మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి మూడు చొప్పున తగ్గించండి. ఎల్ఈడీ బల్బు పెట్టి పిల్లలు వణుకుతున్నాయని వచ్చేవాళ్ళు మా దగ్గర చాలామందే, వేడి కావాలంటే పాత పసుపు బల్బే. బల్బు కిందికి గుమిగూడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. ఆసిల్‌కి ఈకలు ఆలస్యంగా వస్తాయి, అవీ పల్చగానే ఉంటాయి, కాబట్టి నాటు పిల్లల కన్నా ఎక్కువ రోజులు వెచ్చగా ఉంచాలి.

అసలు నష్టం పుట్టాకే. ఏ జాతైనా కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే గూడు ఖాళీ. 5-7 రోజుల మధ్య ఆ తెగులుకి లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారం చివర గంబోరో జబ్బు టీకా, నాలుగో వారంలో మళ్ళీ లసోటా, ఎనిమిదో వారంలో కొక్కెరకే ఆర్‌టూబీ అనే ఘాటు టీకా సూది. ఆర్‌టూబీ చిన్న పిల్లలకి వేయకూడదు, ఆ టీకాయే జబ్బు చేస్తుంది. మూడో వారం తర్వాత రెట్టలో రక్తం కనిపిస్తే అది చాలావరకు కాక్సిడియోసిస్, పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు. ఊక తడిగా ఉంటే వానాకాలం ఇది తప్పదు, తడి ఊక వెంటనే మార్చి, దానికి వాడే యాంప్రోలియం మందు మోతాదు డాక్టర్‌ని అడిగి నీళ్ళలో ఇవ్వండి.

గోదారిగట్టు:
టీకా సీసాలు మామూలుగా వంద డోసులకి తక్కువ దొరకవు కదా సార్, అరడజను పిల్లలకి సీసా విప్పాలంటే చాలామంది మానేస్తారు.

టీకా_సూది:
నిజమే. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది ఫ్రిజ్‌లో దాచినా పనికిరాదు. మీ వీధిలో కోళ్ళున్న ఇళ్ళన్నీ ఒకే రోజు పెట్టుకోండి, సీసా ఐసులో తెచ్చుకోండి. పక్కింటి నాటుకోళ్ళకి తెగులొస్తే మీ ఆసిల్‌కి రాకుండా ఉండదు, అందుకని ఉచితంగా వేసినా మీకే లాభం.

సీమ_ఆసిల్:
ఇంకోటి మర్చిపోయాం. ఆసిల్ పిల్లలు రెండు నెలలు రాకముందే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, కళ్ళు పోతాయి. ఇప్పట్నుంచే విడి గంపలు చూసుకో అన్నా.

డాబామీద_గూడు:
అందరికీ థాంక్స్. పట్టీ వేశాను, పిల్ల పడుతూ లేస్తూ ఉంది. గుడ్లాయనకి ఫోన్ చేసి జత సంగతి అడిగితే "మంచి లైన్ సార్" అంటాడే తప్ప సమాధానం లేదు, తర్వాతిసారి వేరే చోట చూస్తా. పార్సిల్ రేపు పొద్దున్నే దిగుతుందట, మరుసటి రోజు దాకా కదపను. కాకినాడ, సామర్లకోట చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పొదుగుకి వచ్చిన నాటుపెట్ట ఉంటే ఇక్కడే చెప్పండి, సగం గుడ్లు దాని కింద పెడతాను, దిగిన పిల్లల్లో సగం వాటా మీదే.