అమెరికాలో మామూలు మనిషి బతుకు మార్చిన సవరణ ఏది? నా ఓటు 14కే

కృష్ణాతీరం:
అమెరికా రాజ్యాంగాన్ని మార్చాలని వేల ప్రతిపాదనలు వచ్చాయి, నెగ్గినవి 27. హక్కుల మాట వస్తే అందరూ 1791 నాటి మొదటి పదీ అంటారు. కానీ అప్పట్లో ఆ పదీ కేంద్రాన్నే కట్టడి చేసేవి. రాష్ట్రం మీ నోరు నొక్కితే అవి అక్కరకొచ్చేవి కావు. 1868లో వచ్చిన 14 రాష్ట్రాల చెయ్యి పట్టుకుని ఆపింది. అదీ వెంటనే కాదు, కోర్టులు నిద్రలేవడానికి దశాబ్దాలు పట్టింది. ఫ్లోరిడా జైల్లోంచి గిడియన్ అనే ఖైదీ పెన్సిల్‌తో అర్జీ రాసుకుంటే, 1963లో సుప్రీంకోర్టు 14 ఆధారంగానే పేద ముద్దాయికి సర్కారు లాయర్‌ని పెట్టాలంది. మన రాజ్యాంగంలో 14వ అధికరణ కూడా 'సమాన రక్షణ' అనే మాటను ఈ సవరణ నుంచే తెచ్చుకుంది.

గోదారిగాలి:
నా ఓటు 21కి. 1933లో మద్యనిషేధం పోయి మందు తిరిగొచ్చింది.

పెన్నాగట్టు:
కృష్ణాతీరం గారూ, కాగితం చూసి మురిసిపోకండి. రంగు చూసి ఓటు కాదనకూడదని 15వ సవరణ 1870లోనే చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు ఏం చేశాయి? ఓటు వేయాలంటే పన్ను కట్టమన్నాయి, చదువు పరీక్ష పెట్టాయి. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా అంతే, 95 ఏళ్లు! మార్చింది సవరణ కాదు, ఓటు హక్కు కోసం ఊరేగింపు తీసి అలబామాలోని సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు.

మల్లెతీగ:
19 ఎవరికీ గుర్తు రాదేం? 1920 ఆగస్టులో టెనెసీ సభలో ఆడవాళ్ల ఓటు మీద లెక్క తేలక ఊగుతుంటే, 24 ఏళ్ల హ్యారీ బర్న్ వాళ్లమ్మ ఉత్తరం చదువుకుని అనుకూలంగా ఓటేశాడు. మా ఆయనకి చెబితే 'అమ్మ మాట విన్నాడా' అని నవ్వారు.

కృష్ణాతీరం:
పెన్నాగట్టు గారూ, ఆ 1965 చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి, ఎక్కడిది? 15వ సవరణ రెండో సెక్షన్ నుంచే కదా! కాగితం లేకపోతే ఆ చట్టం కోర్టులో నిలబడేదా?

పెన్నాగట్టు:
95 ఏళ్లు నిద్రపోయిన కాగితం.

తూర్పువీధి:
14 మొదటి వాక్యం పూర్తిగా చదివినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరనుకుంటా. ఇక్కడ పుట్టిన 'అందరూ' పౌరులే అని ఆగిపోలేదు. 'దాని అధికార పరిధికి లోబడి' అని కూడా ఉంది. 1884లో జాన్ ఎల్క్ కేసులో, తెగలో పుట్టిన ఆదివాసిని పౌరుడు కాదన్నారు ఈ మాట పట్టుకునే.

కృష్ణాతీరం:
1898 వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు చూడండి. తల్లిదండ్రులు చైనావాళ్లు, పౌరులయ్యే వీలే లేదు. పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో, కాబట్టి పౌరుడే అన్నారు.

తూర్పువీధి:
వాళ్లు ఇక్కడే స్థిర నివాసం ఉన్నవాళ్లు. ఆ మాట తీర్పులోనే ఉంది. మనలా హెచ్‌1బీ మీద ఉద్యోగానికి వచ్చినవాళ్లది తాత్కాలిక వీసా. రెండూ ఒకటి కాదు.

కృష్ణాతీరం:
తాత్కాలిక వీసా వాళ్లకి ఇక్కడ పుట్టే పిల్లలు పౌరులు కారన్న ట్రంప్ 2025 జనవరి ఆర్డర్ కూడా ఇదే అంది, కింది కోర్టులు వరసగా ఆపేశాయి. మన తెలుగువాడే ఇలా మాట్లాడితే ఇంక ఎవరికి చెప్పాలి! మీ పిల్లలు ఎక్కడ పుట్టారో చెప్పండి ముందు.

తూర్పువీధి:
చెబుతాను. పెద్దమ్మాయి గుంటూరులో పుట్టింది. ఏడాదిన్నరప్పుడు ఇక్కడికి వచ్చింది. చిన్నవాడు డాలస్‌లో పుట్టాడు. ఒకే ఇల్లు, ఒకే బడి, పొద్దున ప్రమాణం చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే జెండా. వాడు పౌరుడు. దానికి 21 ఏళ్లు నిండితే నా వీసా నీడన ఇక్కడ ఉండే వీలు పోతుంది. నా మొదటి కంపెనీ గ్రీన్‌కార్డు ఫైల్‌ని మూడేళ్లు కదల్చలేదు, ఇప్పుడు ఒక్కో దేశంవాళ్లకి 7 శాతం గ్రీన్‌కార్డులే అనే క్యూలో ఉన్నాను. 14 గొప్పదని మీరు రాసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వీడు చేసుకున్న పుణ్యమేంటి, అది చేసిన పాపమేంటి?

మల్లెతీగ:
అన్నా, తమ్ముడిది తీసేస్తే అక్కకి వస్తుందా?

తూర్పువీధి:
రాదమ్మా. తెలుసు.

పెన్నాగట్టు:
అందుకే చెప్పేది. అమెరికాలో పుట్టనివాళ్లకి పౌరసత్వం ఎప్పుడూ చట్టం చేతిలోనే ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌ని 1923లో తెల్లవాడు కాదని తోసేశారు, 14 ఉండగానే. మనవాళ్లకి తలుపు తీసింది 1946 చట్టం.

కృష్ణాతీరం:
తూర్పువీధి గారూ, పిల్లల సంగతి అడిగి తప్పు చేశాను. కానీ 14లో 'పౌరుడు' ఒక్కటే కాదు, 'ఏ వ్యక్తికైనా' అని కూడా ఉంది. 1886లో లాండ్రీ నడుపుకునే చైనావాడు యిక్ వో గెలిచింది ఆ మాట మీదే. మీ అమ్మాయి కూడా వ్యక్తే.

తూర్పువీధి:
ఆ మాట దాన్ని 21 తర్వాత ఇక్కడ ఉంచుతుందా?

కృష్ణాతీరం:
ఉంచదు.

మల్లెతీగ:
21 ఎప్పుడన్నా? ఎఫ్‌1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మార్చుకోవడానికి ముందే అప్లై చేయాలి. మా అక్కవాళ్లు చేశారు, మెసేజ్ పెడతాను.

తూర్పువీధి:
మార్చిలో. పెట్టమ్మా.

పెన్నాగట్టు:
15 సంగతి ఇంకా తేలలేదు.