నాయనమ్మ బొమ్మలో ముడతలు ఉంచాలా, తీసేయాలా?

హన్మకొండ నుంచి: మా తమ్ముడు నాయనమ్మ బొమ్మ వేశాడు. ఫోటో చూసి కాదు, ఊళ్లో అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి పది రోజులు వేశాడు. నుదుటి ముడతలు, ముంజేతి పచ్చబొట్టు, కమ్మల బరువుకు సాగి ఇప్పుడు ఖాళీగా వేలాడే చెవి తమ్మెలు, అన్నీ ఉన్నాయి. బాబాయి చూసి "ఇంటికొచ్చినోళ్లు ఏమనుకుంటరు, మా అమ్మను మేం సూసుకుంటలేమా" అని, ముడతలు తీసేసి మళ్లీ వెయ్యమంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. మీరేమంటారు?

పరకాల నుంచి: నేను బాబాయి వైపే. పట్నంలో ఎగ్జిబిషన్‌కు పోతే పల్లె ముసలమ్మ అంటే చాలు, ముడతలు, చిరిగిన చీర, నీళ్లు నిండిన కళ్లు. మన లేమిని గోడకు తగిలించి చూస్తున్నట్టు ఉంటుంది నాకు. తోట వైకుంఠం గారిది కరీంనగర్ వైపు బూరుగుపల్లి, ఆయన వేసిన మన ఆడవాళ్లను చూడండి, ముదురు రంగుల చీరలు, ఇంత బొట్టు, ఎవరి జాలీ అక్కర్లేనట్టు నిండుగా ఉంటారు.

జనగామ నుంచి: అక్కా, ఆయన వేసేది ఫలానా మనిషిని కాదు కదా, ఆ రూపంలో మనందరి అమ్మలూ కనిపిస్తారు. చేర్యాల పటాల్లోనూ అంతే, కథ పాడుతూ పటం చూపిస్తుంటే దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా ఎవరెవరో తెలియాలి, అక్కడ ముడతలతో పనిలేదు. ఇక్కడ ఉన్నది ఒక్క మనిషి. ముడతలు తీసేస్తే ఆమె పోయి ఇంకెవరో మిగులుతారు.

హుజూరాబాద్ డ్రాయింగ్ టీచర్: ముందు అవి ఎలా వేశాడో చూడండి. నల్ల గీతలుగా గీస్తే ముఖం ఎండిన చెరువులా పగుళ్లు తేలుతుంది, బాబాయికి మనసు కష్టమైంది అందుకేనేమో. ముడత అంటే గీత కాదు, మడత. అంచు మీద వెలుగు పడుతుంది, లోపల నీడ మెత్తగా కలిసిపోతుంది, ఆ నీడకు నలుపు వాడకుండా గోధుమ రంగులో కాస్త నీలం కలిపితే చర్మంలో ప్రాణం ఉంటుంది. చేతులూ చూడండి. మా అమ్మ ఏళ్ల తరబడి పత్తి ఏరింది, ఎండిన కాయ డొప్పల మొనలు గీరుకొని గోళ్ల పక్కన చర్మం ఎప్పుడూ చీరుకుపోయి ఉండేది. ఏ ఫోటోలోనూ అది కనిపించదు, నాకు మాత్రం ముద్ద పెట్టేటప్పుడు పెదవికి తగిలే ఆ గరుకే గుర్తు. దయచేసి తుడిచేయకండి.

పరకాల నుంచి: సార్, మీరు కొడుకుగా చూస్తారు. కొనేవాడు అలా చూడడు, నా బాధ అదే. ఇంతకీ నాయనమ్మను ఎవరైనా అడిగారా?

హన్మకొండ నుంచి: అడగలేదు, ఇన్ని రోజులూ మేమే కొట్లాడుకున్నాం. నిన్న ఊరికి పోయి బొమ్మ ముందు కూర్చోబెట్టాను. ముడతల మాటే ఎత్తలేదు. చాలాసేపు చూసి, బొమ్మ చెవి మీద వేలు పెట్టి "కమ్మలు పెట్టు బిడ్డా, మీ తాత చేపిచ్చినయి" అంది. మా నాన్న చదువు కోసం అమ్మేసిన కమ్మలవి. ఆ ఖాళీ తమ్మెలను తమ్ముడు ఎంతో ఇష్టంగా వేశాడు, అయినా సరే పెడతానన్నాడు. అమ్మేది లేదు అక్కా, బొమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు ఆమె చెబుతుంటే వాడు పెన్సిల్‌తో గీస్తున్నాడు, బాబాయి పక్కన చేరి "అట్ల కాదురా, కింద ముత్యం ఉండె" అంటున్నాడు.