అప్‌డేట్ ఫెయిలైనా నా స్క్రిప్ట్ “అంతా అయిపోయింది” అంటోంది

ప్రశ్న:
ఉబుంటు లినక్స్‌లో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ మూడింటినీ విడివిడిగా అప్‌డేట్ చేయలేక ఇరవై లైన్ల బాష్ స్క్రిప్ట్ (కమాండ్లను వరసగా నడిపే ఫైల్) రాసుకున్నాను. పేరు “ఊడ్చు”. రెండు నెలలు హాయిగా నడిచింది. నిన్న అనుకోకుండా స్క్రీన్ వైపు చూస్తే, ఆప్ట్ దగ్గర లాక్ (ఒకేసారి రెండు ప్రోగ్రాములు దూరకుండా వేసే తాళం) దొరకలేదని ఎర్రర్. అయినా అది ఆగకుండా ముందుకు పోయి, చివర్లో దర్జాగా “అంతా అయిపోయింది” అని రాసింది. ఎన్నాళ్లుగా ఇలా అబద్ధం చెబుతోందో! లాక్ ఫైల్ డిలీట్ చేసేయనా?

జవాబు:
ఆ పని మాత్రం చేయకండి. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఆ లాక్ పట్టుకుని ఉంటుంది. మీరు మధ్యలో దూరితే ప్యాకేజీలు సగం సగం ఇన్‌స్టాలై కూర్చుంటాయి. కాసేపాగి మళ్లీ నడపండి. ఇక అబద్ధం సంగతి: ఒక కమాండ్ ఫెయిలైనా బాష్ తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది. పైన “సెట్ మైనస్ ఈ” (set -e) పెట్టండి, ఏదైనా ఫెయిలైతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. ఇంకోటి, స్క్రిప్ట్‌లో “ఆప్ట్” బదులు “ఆప్ట్-గెట్” వాడండి. ఆప్ట్ మనిషి టైప్ చేయడానికి, దాని తీరు మారొచ్చని అదే వార్నింగ్ ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పెట్టాను. ఇప్పుడు స్నాప్ దగ్గర నెట్ పోతే ఫ్లాట్‌ప్యాక్ వంతే రావట్లేదు!

మరో జవాబు:
అయితే “సెట్ మైనస్ ఈ” తీసేయండి. ఒక్కో కమాండ్ పక్కన రెండు నిలువు గీతలు (||, అంటే “ఇది ఫెయిలైతే అది చెయ్యి”) పెట్టి, ఫెయిలైనదాని పేరు ఒక వేరియబుల్‌లో దాచండి. అది ఖాళీగా ఉంటేనే “అయిపోయింది” అనాలి. అన్నట్టు, అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్‌కి “మైనస్ వై” (-y, అడగకుండానే సరే అనడం) ఇచ్చారా? నేనైతే ఆ లిస్ట్ చదవకుండా ఎంటర్ కొట్టను.

ప్రశ్న అడిగినవారు:
ఇచ్చాను... ఇప్పుడే తీసేశా.